హైదరాబాద్ ఉర్దూ ఎందుకు వేరుగా వినిపిస్తుంది?

ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట మీదుగా గోల్కొండ వైపు వెళ్తే 'నక్కో', 'హౌ' అనే మాటలు వినిపిస్తాయి. వద్దు, అవును అని అర్థం. ఆ భాష దక్కనీ. ఉత్తరాది ఉర్దూకూ దీనికీ ఇంత తేడా ఎందుకు?

1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చాడు. అలా దక్షిణాదికి వచ్చి స్థిరపడినవాళ్ల భాష మరాఠీ, తెలుగు, కన్నడల పొరుగున పెరిగింది. 'నక్కో' మరాఠీ నుంచి వచ్చిందే. తెలుగు పోలిక ఇంకా లోతుగా, వాక్యం కట్టే తీరులోనే కనిపిస్తుంది. మనం 'వస్తాను అని చెప్పాడు' అన్నట్టే దక్కనీలో 'ఆతూఁ బోల్కే బోలా' అంటారు. మన 'అని' చేసే పని అక్కడ 'బోల్కే' చేస్తుంది. ఢిల్లీ ఉర్దూలో ఈ వరుస తలకిందులు: 'చెప్పాడు' ముందు, చెప్పిన మాట తర్వాత.

మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవుల భాషదీ ఇలాంటి కథే. మాల్టీస్‌కు మూలం అరబ్బీ. సిసిలీ, ఇటలీల నుంచి వేల మాటలు చేరాయి. లిపి రోమన్. 2004 నుంచి అది యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటి.

దక్కనీని మాత్రం 'చెడిపోయిన ఉర్దూ' అనేవాళ్లున్నారు. అది అన్యాయం. 1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ భాషలోనే. ఢిల్లీలో ఉర్దూ కవిత్వం ఊపందుకున్నది ఆ తర్వాత వందేళ్లకు!