సూదివైద్యము: ఆశింపదగినదెంత?

నడుమునొప్పియు మోకాళ్లనొప్పియు మన సేద్యగాండ్రకు క్రొత్తవి కావు. ఈ నొప్పులకు ఆక్యుపంక్చరు అను సూదివైద్యము చేయువారు ఇప్పుడు మన పట్టణములలోను కలరు. సొమ్ము వెచ్చించుటకు ముందు అది యెట్టిదో, దానివలన ఎంత ఫలమును ఆశింపవచ్చునో రైతుసోదరు లెరిగియుండుట మేలు.

ఇది చీనాదేశమున రెండువేల యేండ్లకు పైబడి వాడుకలో నున్నది. 1938లో మన దేశమునుండి చీనాకు వెళ్లిన వైద్యబృందములోని డాక్టరు బి. కె. బసు తరువాతి కాలమున దీనిని నేర్చి కలకత్తాలో వ్యాపింపజేసెను. దేహమున ఒక శక్తి కొన్ని దారులలో ప్రవహించుననియు, అది అడ్డగింపబడినచో నొప్పి కలుగుననియు ప్రాచీన చీనా వైద్యుల మతము. అట్టి దారులు శరీరశాస్త్రజ్ఞులకు కానరాలేదు. సూదివలన నరములు ప్రేరేపింపబడి, నొప్పి నణచు పదార్థములు దేహముననే పుట్టునని నేటివారు చెప్పుదురు.

మొదట వైద్యుడు పూర్వపు జబ్బులను, వాడుచున్న మందులను అడుగును. ఏదియు దాచరాదు. పిదప పరుండబెట్టి కొన్ని సూదులు గ్రుచ్చును. ఇవి ఇంజక్షను సూదులవంటివి కావు. మిల్లీమీటరులో నాలుగవ వంతు లావు మాత్రమే యుండును. వీనిగుండ మందేమియు ఎక్కింపరు. గ్రుచ్చునపుడు చీమ కుట్టినట్లుండి, తరువాత ఆ చోట బరువుగనో తిమ్మిరిగనో తోచును. 15 మొదలు 30 నిమిషముల వరకు సూదుల నుంచి తీసివేయుదురు. ఒకనాటితో ముగియదు, వారమునకు ఒకటి రెండు మారుల చొప్పున కొన్ని వారములు పోవలెను. రక్తపుబొట్టు, చిన్న కమిలిక, కొంత మగత కలుగవచ్చును.

ఇక ఫలము మాట. క్రొత్త యెరువును పరీక్షించునపుడు ప్రక్కనే ఆ యెరువు వేయని మడి నుంచి దిగుబడులను పోల్చుదుము గదా! జర్మనీలో ఇట్లే 1162 మంది నడుమునొప్పివారిని మూడు భాగములు చేసి పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. మొదటివారికి శాస్త్రోక్త స్థానములలోను, రెండవవారికి ఇతర స్థానములలో పైపైనను సూదులు గ్రుచ్చిరి. మూడవవారికి మందులు, వ్యాయామము మొదలగు మామూలు చికిత్స చేసిరి. ఆరు నెలలకు మేలు పొందినవారు నూటికి వరుసగా 48, 44, 27 మంది. కావున ఉపశమనము కొందరికి కలుగుట నిజమే. కాని స్థానభేదమువలన వచ్చిన తేడా స్వల్పము. సగముమందికి పైగా తగినంత మేలు పొందలేదనియు మరువరాదు.

గమనింపవలసినవి:

1. ప్రతిమారును క్రొత్త సూదుల పొట్లమును మీ యెదుటనే విప్పవలెను. ఒకరికి వాడిన సూదివలన కామెర్ల జబ్బు మరియొకరికి అంటవచ్చును.

2. గర్భిణులును, రక్తము పలుచనగు మందులు వాడువారును ముందుగా తెలుపవలెను.

3. చక్కెరజబ్బునకు, రక్తపుపోటునకు వాడు మందులను ఎవరు చెప్పినను మానరాదు.

4. పాముకాటు, గుండెనొప్పి, విడువని జ్వరము, కాలు చచ్చుపడుట మున్నగువానికి ఆస్పత్రియే దిక్కు. అచ్చట గడియ ఆలస్యమైనను ప్రాణాపాయము.

5. మొత్తము ఖర్చును ముందే అడుగుడు. ఐదారు మారులు పోయినను గుణము కనబడనిచో మానుకొనుట వివేకము. దీనికై అప్పు చేయకుడు.

విత్తనమును మొలక చూచి కొనువారము మనము. వైద్యమునందును ఆ జాగరూకతయే తగును.