ఏ లినక్స్‌ను ఎంచుకుందాం?

పిల్లలూ! ఈ లోకంలో మనుషులు 10 రకాలు. సున్నా-ఒకట్ల లెక్క వచ్చినవాళ్లు ఒక రకం, రానివాళ్లు మరొక రకం. "పది రకాలని చెప్పి రెండే చెప్పారేం, మాస్టారూ?" అంటారా? నేను పది అనలేదు. అది కంప్యూటరు లెక్కలో 10, అంటే మన లెక్కలో రెండు!

ఈ లెక్క కష్టమేమీ కాదు. వెనుక మన ఇళ్లల్లో బియ్యం కొలిచే పాత్రలు ఉండేవి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ప్రతి పాత్రా దాని కిందిదానికి రెట్టింపు. ఇప్పుడు 21 సోలల బియ్యం కొలవాలి. కుంచంతో ఒకసారి కొలిస్తే 16 సోలలు. అడ్డ అక్కరలేదు. మానికతో ఒకసారి, 4. తవ్వ అక్కరలేదు. సోలతో ఒకసారి, 1. మొత్తం 21. వాడిన పాత్రకు 1, వాడనిదానికి 0 వేస్తూ పెద్ద పాత్ర నుంచి వరసగా రాయండి: 10101. ఇదే కంప్యూటరు లెక్క. దాని లోపల విద్యుత్తు హెచ్చుగా ఉంటే 1, తక్కువగా ఉంటే 0. దానికి ఇక వేరే అంకె తెలియదు.

ఇప్పుడు 10101 ఏళ్ల కుర్రవాడి కథ చెబుతాను. ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ఉండేవాడు. అతను 1991లో తన కంప్యూటరును నడపటానికి సరదాగా ఒక ప్రోగ్రాము రాశాడు. అదే లినక్స్. యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి అందరికీ పని పంచే పెద్ద అది. దాన్ని 'కెర్నెల్' అంటారు. ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం.

లైనస్ దాన్ని దాచుకోలేదు. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికి పంచవచ్చు అన్నాడు. కాని, మార్చి పంచేవాడు ఇదే హక్కును పుచ్చుకునేవాడికి కూడా ఇవ్వాలి. ఈ షరతును రూపొందించినది అమెరికాలోని రిచర్డ్ స్టాల్మన్. ఆయన 1983లో ప్రకటించిన 'గ్నూ' ప్రయత్నంలో తయారైన పనిముట్లు కూడా ఈ కెర్నెల్‌కు తోడైనాయి.

బియ్యం ఉన్నంతమాత్రాన భోజనం అయిపోదు గదా! వండాలి. ఒకరు పులిహోర చేస్తారు, ఒకరు దద్ధోజనం, మరొకరు పొంగలి. అలాగే ఒకే కెర్నెల్‌కు వేరువేరు ప్రోగ్రాములు చేర్చి, వేరువేరు బృందాలు వడ్డించే వంటకాలనే 'డిస్ట్రిబ్యూషన్లు' అంటారు. కుర్రకారు ముద్దుగా 'డిస్ట్రో' అంటారు.

వీటిలో పాతకాపు స్లాక్‌వేర్, 1993లో పుట్టింది. అదే ఏడు ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రారంభించాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరునూ, తన పేరునూ కలిపి ఆ పేరు పెట్టాడు. ఉబుంటును 2004లో మార్క్ షటిల్‌వర్త్ మొదలుపెట్టాడు. అంతకు రెండేళ్ల ముందు అంతరిక్షంలోకి వెళ్లివచ్చిన దక్షిణాఫ్రికావాసి ఈయనే. ఉబుంటు అంటే ఆ దేశపు భాషల్లో తోటివారిపట్ల మానవత్వం. డెబియన్ మీద ఉబుంటునూ, ఉబుంటు మీద మింట్‌నూ కట్టారు. పక్కింటి పిండితో మనం అట్లు పోసుకున్నట్టన్నమాట!

ఇంతకూ ఈ ఎంపిక మనకెందుకు? 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలుగా ఇచ్చే రక్షణ సవరణలు ఆగిపోయినై. దాని తరువాతి విండోస్ 11ను ఎన్నో పాత కంప్యూటర్లు భరించలేవు. చెడిపోకపోయినా అవి చెత్తకుప్పకు పోవలసిందేనా? అక్కరలేదు. తగిన లినక్స్ వేస్తే, వాటిలో చాలా యంత్రాల మీద పిల్లలు ఇంకా కొన్నేళ్లు చదువుకోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదనే కంప్యూటరు పాఠాలు నేర్చుకుంటున్నారు.

మరి తగినదేదో తెలిసేదెలా? మూడు ప్రశ్నలు వేసుకోండి. అవునంటే 1, కాదంటే 0.

కంప్యూటరు పాతదా? మీరు లినక్స్‌కు కొత్తా? సరికొత్త మార్పులు వెంటవెంటనే కావాలా?

110 వచ్చిందా? మింట్‌లో 'ఎక్స్‌ఎఫ్‌సీఈ' అనే తేలికరకం చూడండి. ర్యామ్ 2 జీబీ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయిగా ఉంటుంది. 010 వస్తే ఉబుంటు గాని, మామూలు మింట్ గాని మంచిది. 001 వస్తే ఫెడోరా. అది దాదాపు ఆరు నెలలకొకసారి కొత్తగా వస్తుంది. ప్రతి భాగాన్నీ స్వయంగా అమర్చుకోవాలనే పట్టుదల ఉంటే ఆర్చ్ ఉన్నది. వంటవాడు ఉండడు, సామాను ఇస్తారు, పొయ్యి మీరే వెలిగించుకోవాలి!

నా జవాబు 000. ఉద్యోగమంతా పిల్లల కాగితాల మీద సున్నాలు చుట్టినవాడికి మూడు సున్నాలు వచ్చినై, చూశారా! అయినా నాకు దిగులు లేదు. నాకు ఇష్టమైన డెబియన్ దొరికింది. సుమారు రెండేళ్లకొకసారి, బాగా పరీక్షించి గాని కొత్తది వదలరు. తొందరపడని విద్యార్థి అంటే నాకు మొదటినుంచీ ఇష్టమే.

మీ స్నేహితుడు మెచ్చుకున్నాడని మాత్రం దేన్నీ ఎంచుకోకండి. చెప్పులు ఎవరి కాలికి వారివే. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి, దానితోనే కంప్యూటరును తెరిచి రుచి చూడవచ్చు. అప్పుడు లోపలి డిస్కును మనం మార్చనక్కరలేదు. నచ్చితేనే స్థిరంగా వేసుకోండి. అలా వేసేటప్పుడు డిస్కులోని పాత ఫొటోలూ, కాగితాలూ తుడిచిపెట్టుకుపోవచ్చు. అందుచేత ముందే వేరేచోట దాచి, పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు నచ్చినదాన్ని స్నేహితులకు కూడా ధైర్యంగా పంచవచ్చు. అది దొంగతనం కాదు, ఆ షరతు మనకిచ్చిన హక్కు.

చివరకు ఒక లెక్క. నా వయస్సు 1000001 ఏళ్లు. పది లక్షలని హడలిపోకండి! కుంచానికి 16 సోలలు. దాని పైన ఇంకా రెండు పాత్రలు, 32, 64 సోలలవి, ఉన్నాయనుకుని లెక్క కట్టండి. నాది తేలాక, మీ వయస్సు కూడా అలాగే రాసి మీ మాస్టారికి చూపించండి.