ఒక పేరు, నాలుగు లెక్కలు

ఇంద్రావతి గోదావరిలో కలియు తావునకు చేరువగా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు నైరుతి కొనయందు భోపాల్‌పట్నం అను ఊరు కలదు. ఒకప్పుడిది బస్తరు సంస్థానములోని ఒక జమీందారీ. 2007 నుండి బీజాపూరు జిల్లాలోనిది. నదుల కావలి యొడ్డున తెలంగాణము, మహారాష్ట్రము. ఇండ్లలో తెలుగో, గోండియో, దోర్లీయో పలుకు పిల్లలు బడిలో హిందీని, పిదప ఆంగ్లమును నేర్తురు. అట్టి చోట ఒక చిన్న ప్రశ్న పుట్టును: ఈ యూరి పేరున ఎన్ని అక్షరములున్నవి?

ఆంగ్లమున వ్రాసి లెక్కించిన 12. నాగరిలిపిలో భో, పా, ల, ప, ట, న, మ అని 7. తెలుగున భో, పా, ల్, ప, ట్నం అని 5. ఛందోవేత్త నడిగినచో, పొల్లు పూర్వాక్షరముతో కలిసిపోవును గనుక 4 అనును. నాలుగు లెక్కలును సరియైనవే. లెక్కలు వేరగుటకు కారణ మొక్కటే: అక్షరమనగా ఏమి యను విషయమున ఆయా సంప్రదాయములు చేసికొన్న నిర్ణయము వేరు.

ఇన్ని అక్షరములు గల పదము, అందు ఫలానా అక్షరములుండవలెను, అట్టిదానిని వెదకుడనుట ఆంగ్లేయ భాషలో మిక్కిలి ప్రచారముగల వినోదము. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ న్యూయార్కులోని ఒక పత్రికలో ప్రకటించిన గళ్ళ ప్రహేళికతో దానికి వ్యాప్తి కలిగినది. తరువాత ఆల్‌ఫ్రెడ్ బట్స్ పత్రికలలో ఏ అక్షరము ఎన్నిమారులు వచ్చుచున్నదో లెక్కించి, స్క్రాబుల్ అను ఆటలోని 100 బిళ్ళలకు విలువలు కట్టెను. ఈ ఆటల కాధారము ఆంగ్లలిపి స్వభావమే. అందు 26 అక్షరములు. ఒక్కొక్కటి ఒక్కొక్క గడిలో కూర్చుండును. ‘త్రూ’ అని ఒక్క ఊపిరిలో పలుకు మాటకు సయితము ఏడు గళ్ళు కావలెను.

తెలుగున ‘స్త్రీ’ అనునది మూడు హల్లులు, ఒక అచ్చు కలిసిన ముద్ద. అయినను అది ఒక్క అక్షరము, ఒక్క గడి. హల్లులను గుణింతముతో హెచ్చించినచో అక్షరముల సంఖ్య నాలుగువందలు దాటును, సంయుక్తాక్షరములు వేరు. కావున మన ప్రహేళికలో ఒక గడి నిండినచో లభించు సూచన ఆంగ్లమున కంటె బలవత్తరమైనది. మూడక్షరముల పదమున నడుమ ‘లు’ ఉన్నదన్నచో చిలుక, పలుకు, వెలుగు, కలువ మొదలగునవి తోచును. నడుమ ‘ట్నం’ ఉన్నదన్నచో వెదకువాడు ఏ పదమును తోచక నిలిచిపోవును.

ఈ వెదకులాట తెలుగువారికి క్రొత్తది గాదు. వృత్తమున నాలుగు పాదములందును రెండవ యక్షరపు హల్లు ఒక్కటిగా నుండుటయే ప్రాస. మొదటి యక్షరము ఒక పాదమున లఘువైనచో అన్నిటను లఘువే కావలెను. అనగా పద్యము వ్రాయు ప్రతివాడును నిర్ణీతమైన కొలతగల, నిర్ణీతస్థానమున నిర్ణీతాక్షరముగల పదమును వెదకుచునే యుండును. అవధానమున న్యస్తాక్షరి దీనికి తీవ్రరూపము: ఫలానా పాదమున ఫలానా స్థానమున ఫలానా అక్షరము రావలెనని పృచ్ఛకుడు శాసించును. నిషిద్ధాక్షరి దాని తలక్రిందులు. అక్షర మక్షరమునకు అడ్డు తగులుట. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) జంటగా ఊరూర సాగించిన యవధానములు ఈ విద్యను పామరులకు సయితము వేడుకగా చేసినవి.

మన యూరి పేరునే పద్యమున నిలుపజూతము. భో, పాల్, ప, ట్నం అను నాలుగును గురువులే. ఉత్పలమాలలోగాని, చంపకమాలలోగాని, మత్తేభములోగాని నాలుగు గురువులు వరుసగా వచ్చు తావు లేదు. శార్దూలమున ఒక పాదము తుదిని మొదలై తరువాతి పాదమునకు ప్రాకినగాని ఇమడదు. కందమున మాత్రము రెండు ‘గగ’ములై సుఖముగా కూర్చుండును. ఐదక్షరములని లెక్కించినవాడు ఈ సంగతి నెరుగలేడు.

ఇప్పుడు అయిదవ లెక్క యొకటి వచ్చినది, అది యంత్రముది. గణకయంత్రము అక్షరములను యూనికోడు సంకేతములుగా దాచును. భోపాల్‌పట్నం అను మాటకు 12 సంకేతములు పట్టును. వానిలో నొకటి కంటికి కనబడదు. ‘ల్’ తరువాతి ‘ప’తో అతుకుకొనకుండ కాచుటయే దాని పని. ‘స్త్రీ’కి 6 సంకేతములు. సంకేతములనే అక్షరములని భ్రమించు యంత్రము నడిగి, అయిదక్షరముల ఊళ్ళపేర్లు తెమ్మన్నచో ఈ యూరు దొరకదు. 2023లో వెలువడిన యూనికోడు 15.1వ కూర్పున తెలుగు సంయుక్తాక్షరమును ఒక్కటిగా గణించు నియమము చేరినది. దానిని పాటించిన యంత్రము ఈ పేరున 5 అనియే చెప్పును. పొల్లును పూర్వాక్షరముతో చేర్చుమని మరియొక నియమము చెప్పినచో 4 అనును.

ఇది వినోదమునకు మాత్రమే చెందిన సంగతి గాదు. మన నిఘంటువులు పదములను మొదటి యక్షరమును బట్టి కూర్చును. పద్యము నేర్చువానికి కావలసినది రెండవ యక్షరము, పదపు కొలత. లెక్క సరిగా నేర్చిన యంత్రము అట్టి పట్టికను క్షణములో ఈయగలదు. ఛందస్సు చెప్పు గురువు చేరువలో లేని ఎల్లనాటి బాలునకు అది గొప్ప యాసరా. లెక్క తప్పిన యంత్రమో, వాని భాష వానికే తప్పుగా చూపును. తన యూరిపేరు 12 అక్షరములదని ఆంగ్లపు బడిలోను, 7 అని హిందీ బడిలోను విన్న బాలుడు, తెలుగున అది 5 అనియు, పద్యమున 4 అనియు తెలిసికొన్ననాడు తన నుడి ఏ కొలతతో నడచునో ఎరుగును.