బంతి ముట్టని హీరో

టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ పెడితే నా కళ్లెప్పుడూ బంతి వెంటే పరిగెత్తేవి. జో థామస్ గురించి తెలిశాక చూపు మారింది.

క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో అతను లెఫ్ట్ ట్యాకిల్. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఎవరూ పడకుండా గోడలా నిలబడటమే డ్యూటీ. 2007లో చేరింది మొదలు, తన జట్టు దాడి చేసేటప్పుడు బంతి ఆటలోకి వచ్చిన ప్రతిసారీ, వరుసగా 10,363 సార్లు మైదానంలోనే ఉన్నాడు. జట్టేమో ఓడుతూనే ఉంది. ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా దక్కలేదు. అయినా జట్టు మారలేదు! 2017 అక్టోబర్‌లో ఎడమచేతి ట్రైసెప్స్ కండరం తెగితేనే ఆగాడు. మరుసటి ఏడాది రిటైరయ్యాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్ పిలిచి పీట వేసింది.

కామెంటేటర్ నోట లైన్‌మన్ పేరు ఎక్కువగా వినిపించేది తప్పు చేసినప్పుడే. ఇప్పుడు ఆ పేరు వినపడకపోతే నాకర్థమవుతుంది... అక్కడెవరో పని బాగా చేస్తున్నారని.