నిద్రలో కేకలు వేసే పసివారు: చేయవలసినదీ, చేయకూడనిదీ

పిల్లవాడు నిద్రపోయి గంటో, గంటన్నరో అయి ఉంటుంది. ఇంట్లో పెద్దలు ఇంకా పక్క కూడా వేసుకొని ఉండరు. ఉన్నట్టుండి కెవ్వున కేక వేసి లేచి కూర్చుంటాడు. కళ్లు తెరిచే ఉంటాయి గాని ఎదుట ఉన్న మనిషిని గుర్తించవు. ఒళ్లంతా చెమట, గుండెదడ, రొప్పు. తల్లి ఎత్తుకోబోతే తోసివేస్తాడు; తల్లి ఒడిలోనే ఉండి 'అమ్మ కావాలి' అని ఏడుస్తాడు. ఐదు పది నిమిషాలు ఈ విధంగా గడిచాక, ఏమీ జరగనట్లు మళ్లీ గాఢనిద్రలోకి జారుకుంటాడు. తెల్లవారి అడిగితే వానికి ఏమీ జ్ఞాపకం ఉండదు. జ్ఞాపకం ఉండేది తల్లిదండ్రులకే.

దీనిని మన ఇళ్లలో దడుపు అనీ, జడుపు అనీ, ఉలికిపాటు అనీ అంటారు. ఆధునిక వైద్యులు నైట్ టెర్రర్స్ అంటున్నారు. సాధారణంగా 3 నుంచి 7 సంవత్సరాల పిల్లలలో ఎక్కువ; ఏడాదిన్నర వయసులోనే మొదలయ్యేవారూ ఉన్నారు. యుక్తవయసు వచ్చేసరికి చాలామందిలో దానంతటదే పోతుంది. నా వైద్యవృత్తిలో ఈ దడుపు మూలంగా చెడిపోయిన బిడ్డను నేను చూడలేదు. దడుపుకు చేసిన చికిత్స మూలంగా చెడిన బిడ్డలను మాత్రం చూశాను. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

ఇది పీడకల కాదు

పీడకల సాధారణంగా రాత్రి రెండవ సగంలో, తెల్లవారుజామున వస్తుంది. పిల్లవాడు నిజంగా మేల్కొంటాడు, తల్లిని గుర్తించి కరచుకుపోతాడు, మాటలు వచ్చినవాడైతే కలను చెబుతాడు. దడుపు అట్లా కాదు. అది రాత్రి మొదటి భాగంలో, నిద్ర అత్యంత గాఢంగా ఉన్నప్పుడు వస్తుంది. ఆ లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు మెదడులో కొంత భాగం మేల్కొని, తక్కినది నిద్రలోనే ఉండిపోతుంది. కేకలు వేస్తున్న బిడ్డ నిజానికి నిద్రపోతూనే ఉన్నాడు. నిద్ర చాలకపోవడం, జ్వరం, మూత్రాశయం నిండి ఉండడం, ఇల్లు మారడం, మనసుకు కలిగిన కలత దీనిని రేపుతాయి. వంశపారంపర్యం కూడా ఉంది. తాతమ్మను అడిగి చూడండి, ఈ పిల్లవాని తండ్రి చిన్నతనంలో నిద్రలో నడిచిన సంగతి చాలాసార్లు బయటపడుతుంది.

శాస్త్రం ఏమంటున్నది?

పెద్దలు వెంటనే బాలగ్రహం అంటారు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో తొమ్మిది బాలగ్రహాలను, వాగ్భటుడు పన్నెండింటిని చెప్పిన మాట వాస్తవం. అయితే ఆ లక్షణాలను నిదానంగా చదివితే జ్వరం, అతిసారం, మూర్ఛ, నోట నురుగు, పాలు త్రాగలేకపోవడం వంటివి కనిపిస్తాయి. అవన్నీ ఆ కాలంలో బిడ్డలను తీసుకుపోయిన కఠిన వ్యాధులు. పగలంతా ఆడుకొంటూ, చక్కగా అన్నం తింటూ, రాత్రి పది నిమిషాలు ఏడ్చే పిల్లవానిని ఆ జాబితాలో చేర్చడం నాకు సమ్మతం కాదు.

గురుకులంలో మాకు ఉత్తరతంత్రం పాఠం మొదలుపెట్టే ముందు, మా గురువుగారు సుశ్రుతుని శారీరస్థానం పదవ అధ్యాయం అప్పజెప్పించుకొనేవారు. బాలుని ఒంటికి సుఖంగా ఉండేటట్లు ఎత్తుకోవాలి, గద్దించకూడదు, హఠాత్తుగా నిద్ర లేపకూడదు, లేపితే భయపడతాడు అని సుశ్రుతుడు అక్కడ చెప్పాడు. చరకుడు శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో మరొక మాట అన్నాడు: బిడ్డ ఏడ్చినా, అన్నం తిననన్నా, రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు, పూతన పేరు ఎత్తి భయపెట్టరాదు. గ్రహాలను చెప్పిన శాస్త్రమే వాటి పేరు బిడ్డ ఎదుట ఎత్తవద్దన్నది. మనం చేస్తున్నదేమిటి? ముద్ద ముద్దకూ బూచివాణ్ని పిలుస్తాం. తినకపోతే పోలీసుకు పట్టిస్తామంటాం. ఆ భయంతోనే పడుకోబెడతాం.

ఒక ఇంటి సంగతి

కొన్ని నెలల క్రిందట కోనసీమ నుంచి నాలుగున్నరేళ్ల పాపను తీసుకువచ్చారు. నెలన్నరగా దాదాపు ప్రతి రాత్రీ ఇదే వరస. పాప నాయనమ్మగారి నమ్మకం ఏమిటంటే, సంధ్యవేళ కోడలు పిల్లను వెంటబెట్టుకొని శ్మశానం ప్రక్క చింతచెట్టు క్రిందుగా నడిచి వచ్చింది, అక్కడే ఏదో సోకింది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. వచ్చే ఆదివారం పసుపుకొమ్ము కాల్చి పొట్టమీద వాతలు పెట్టించడానికి నిశ్చయించుకొని, ఆ ముందు నా దగ్గరకు వచ్చారు. కోడలు ఒక్క మాట మాట్లాడలేదు. నెలన్నరగా ఆ ఇంట్లో దోషి ఆమే.

"అమ్మా, పాప ఎన్నింటికి పడుకొంటుంది, ఎన్నింటికి లేస్తుంది?" అని అడిగాను.

"పదింటికి పడుకొంటుందండీ ఆచార్యులుగారూ. వాళ్ల నాన్న కొట్టు మూసి తొమ్మిదిన్నరకు గాని రారు. ఆయనతో ఆడితేగాని పడుకోదు. పొద్దున్న ఆరింటికి లేపుతాం, ఏడింటికి స్కూలు వ్యాను."

జూన్‌లో బడిలో చేర్చకముందు పాప మధ్యాహ్నం రెండు గంటలు పడుకొనేది. ఇప్పుడు అది లేదు. 3 నుంచి 5 సంవత్సరాల బిడ్డకు రోజు మొత్తం మీద 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. ఈమెకు దొరుకుతున్నది 8 గంటలు. నిద్ర కొరవడిన శరీరం, దొరికిన నిద్రను మరింత గాఢంగా తీసుకొంటుంది. ఆ గాఢనిద్రలోనే దడుపు పుడుతుంది. "పాపకు పట్టింది గ్రహం కాదమ్మా, స్కూలు వ్యాను" అన్నాను నాయనమ్మగారితో. ఆమె నవ్వలేదు గాని ఆదివారం కార్యక్రమం మానుకోవడానికి ఒప్పుకొన్నారు.

ఔషధం ఏదీ ఇవ్వలేదు. ఏడుగంటలకు చారన్నమో, పెసరపప్పు, నెయ్యి కలిపిన మెత్తని అన్నమో పెట్టి, ఆ తరువాత టీవీ, సెల్‌ఫోను కట్టిపెట్టమన్నాను. గోరువెచ్చని నువ్వులనూనె అరికాళ్లకు, పిక్కలకు మర్దించి, మూత్రానికి పంపి, ఎనిమిదింపావుకు పడుకోబెట్టాలి. తండ్రి ఆట ప్రొద్దుటికి మారింది. నూనె మర్దన బాధ్యత నాయనమ్మగారికి అప్పగించాను. ఇంట్లో ఎవరి చేతికైనా పని ఇస్తే నోటికి పని తగ్గుతుంది.

ఒక వారం దడుపు వచ్చిన సమయం వ్రాసి ఉంచమన్నాను. పడుకొన్న గంటా ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా వస్తున్నది. ఇటువంటి వేళ తప్పని దడుపుకు ఒక ఉపాయం ఉన్నది. వచ్చే వేళకు పదిహేను నిమిషాల నుంచి అరగంట ముందుగా, వీపు నిమురుతూ, పేరు మెల్లగా పిలుస్తూ, బిడ్డ కాస్త కదిలి కళ్లు విప్పే వరకు లేపి, మళ్లీ పడుకోనివ్వాలి. రెండు నుంచి నాలుగు వారాలు చేయాలి. సుశ్రుతుడు వద్దన్నది హఠాత్తుగా లేపడం. ఇది అది కాదు. పది రోజులలో కేకలు తగ్గాయి. నెల తరువాత జ్వరం వచ్చిన రాత్రి ఒక్కసారి మాత్రం వచ్చింది.

ఆ పది నిమిషాలు

దడుపు వచ్చినప్పుడు కుదిపి లేపకండి. ముఖాన నీళ్లు చల్లకండి, చెంప తట్టకండి, లైట్లన్నీ వేసి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరకండి. లేపబోయేకొద్దీ గాభరా పెరిగి, సేపు పొడుగవుతుంది. ఒక్కరు ప్రక్కన కూర్చొని, మంచం మీది నుంచి పడకుండా, గోడకు తల కొట్టుకోకుండా చేయి అడ్డుపెట్టి, ఒకే మాటను నెమ్మదిగా అంటూ ఉంటే చాలు. ఈ అలవాటు ఉన్న పిల్లలను ఎత్తయిన మంచం మీద పడుకోబెట్టవద్దు. వేసవిలో పిట్టగోడ లేని డాబా మీద అసలే వద్దు. కొందరు లేచి పరుగెత్తుతారు. ఉదయం లేచాక ఇరుగుపొరుగు వారికి బిడ్డ వినేటట్లు ఈ కథ చెప్పకండి.

చేతికి రక్ష కట్టినా, ఆంజనేయస్వామి గుడికి తీసుకువెళ్లినా నాకు అభ్యంతరం లేదు. పెద్దల మనసు కుదుటపడితే ఆ నెమ్మది బిడ్డకూ అందుతుంది. మెడలో తాడు మాత్రం నిద్రలో ఉంచకండి, బిగుసుకొనే ప్రమాదం ఉన్నది. వాతలు ఏ జబ్బుకూ మందు కావు. పుండుపడి చీము పట్టిన పసిపొట్టలను నేను చూశాను.

నిద్రకోసమని గసగసాలు నూరిన పాలు, జాజికాయ గంధం పట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. పసివారికి శ్వాస మందగించవచ్చు. జాజికాయ మోతాదు మించితే విషమే. వస విషయంలో మనవాళ్లకు మమకారం ఎక్కువ, గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. కాని అది వమనానికి వాడే ద్రవ్యాలలో ఒకటి. సానమీద ఎంత అరిగిందో ఎవరు కొలిచారు? ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా వద్దు; దానివల్ల బాట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చు. తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి పొగ ఆయాసం ఉన్న పిల్లలకు పనికిరాదు.

ఏడాది లోపు శిశువు రాత్రి ఏడిస్తే దడుపు అని సరిపెట్టుకోకూడదు. ఆ వయసులో అది అరుదు. కాశ్యపసంహితలో మాటరాని శిశువు బాధను పోల్చుకొనేందుకు వేదనాధ్యాయం అనే అధ్యాయమే ఉన్నది. చేతులతో చెవులు తడుముకొంటూ, తల అటూ ఇటూ త్రిప్పుతూ నిద్రపోకపోతే చెవిపోటు. చనుబాలు మాని, పొట్ట బిగిసి, ముఖాన చెమట పడితే కడుపునొప్పి. ముందు ఇవి చూడండి.

కొందరిని వెంటనే నిపుణులకు చూపాలి. నోరు తెరిచి గురక పెడుతూ, మధ్యమధ్య ఊపిరి ఆగినట్లుండే పిల్లలకు టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెరిగి ఉండవచ్చు. నేను చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు పంపిన ఒక బాలునికి శస్త్రచికిత్స తరువాత గురకతోపాటు కేకలూ పోయాయి. కాళ్లూ చేతులూ ఒకే తీరున కొట్టుకొన్నా, ఒళ్లు బిగుసుకొన్నా, నోట చొంగ కారినా, నాలుక కరచుకొన్నా, ఒకే రాత్రి పలుమార్లు వచ్చినా, పగలు కూడా వచ్చినా మూర్ఛవ్యాధిని అనుమానించాలి. అటువంటి రాత్రి ఇంట్లో రెండవవారు సెల్‌ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి, వచ్చిన సమయం కాగితం మీద వ్రాసుకొని, ఆ రెండూ నరాల వైద్యునికి చూపండి.