పానగల్లులో ఏడు రాత్రుల వంట

పగలెల్ల ఎవరి దారిన వారు పోవు కుటుంబమునకు రాత్రి భోజనమొక్కటే కూడలి. పానగల్లులోని ఒక సామాన్య గృహమునందును అంతే. తండ్రి తెల్లవారకమునుపే ఆటో తీసికొని నల్లగొండకు పోవును. తల్లి ఇంటిపని ముగించుకొని, బడిలో మధ్యాహ్న భోజనము వండుటకు పోవును. కూతురు పదవ తరగతి. సాయంకాలపు ప్రత్యేక తరగతులు ముగించుకొని ఇల్లు చేరుసరికి వీథిదీపములు వెలుగును. కొడుకు ఆరవ తరగతి. ఇంట మిగులునది డెబ్బది యేండ్లు దాటిన నాయనమ్మ. ఈ ఐదుగురును ఒకచోట కూర్చుండుట రాత్రి ఎనిమిది గంటల తరువాతనే. ఇది పేరుపెట్టి చెప్పదగిన ఒక యింటి కథ కాదు. ఈ ప్రాంతమున అనేక గృహములలో సాగు జీవితమును ఒకే కప్పు క్రింద చేర్చి చూచుట మాత్రమే.

పానగల్లను పేరుతో ఊళ్లు రెండు కలవు. వనపర్తి ప్రాంతమున కొండకోట గల పానగల్లు ఒకటి. ఇచ్చట చెప్పబడునది నల్లగొండ పట్టణపు అంచునగల పానగల్లు. కందూరు చోడులు ఏలిన ఊరిది. ఛాయా సోమేశ్వరాలయము, పచ్చల సోమేశ్వరాలయము, ఉదయసముద్రమను పెద్ద చెరువు ఈ ఊరి పేరును నేటికిని నిలుపుచున్నవి. చూడవచ్చినవారు శిల్పములను చూచి పోవుదురు. ఊరివారికి గుడికన్న చెరువు దగ్గర. చెరువుకన్న పొయ్యి దగ్గర.

భోజనమునకు కూర్చున్నవాడు మొదట అడుగునది, "కూరేంది?" అని. ఏ నీటితో వండిరని గాని, ఎవరు వండిరని గాని అడుగువారు అరుదు. ఈ రెండు ప్రశ్నలను అడుగుచు, సంక్రాంతికి ముందటి ఒక వారపు భోజనములను చూచిన, పళ్లెములో కనబడనివి కొన్ని తెలియవచ్చును.

సోమవారము శివునిది, ఇంట నీచు వండరు. పాలకూర పప్పు, అన్నము, మామిడికాయ తొక్కు. కుక్కరు నాలుగు కూతలు కూయుసరికి పప్పు మెత్తబడినది. నాయనమ్మ దానిని గరిటెతో కదపి, "మా కాలంల బాయినీళ్లకు పప్పు ఉడుకకపోతుండె బిడ్డా. ఎంత మంట వెట్టినా గింజ గింజనే ఉండె" అన్నది. ఆమె మాటలో శాస్త్రము కలదు. నీటిలో సున్నపు లవణములు హెచ్చుగానున్న పప్పు ఉడుకదు. ఆ దోషము వండుకొనువారికి వెంటనే తెలియును. అయితే ఆ బావులలో తెలియని దోషము మరియొకటి యుండెను. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పప్పు చక్కగా ఉడికిన నీటిలోను అది యుండవచ్చును.

ఈ కుటుంబము మర్రిగూడ వైపు నుండి వచ్చి పానగల్లులో స్థిరపడినది. తండ్రి పండ్లపై గోధుమరంగు చారలు కలవు. బాల్యమున పండ్లపై పింగాణిపొర ఏర్పడు కాలమున త్రాగిన నీటి గురుతు అది; ఎంత తోమినను పోదు. కొడుకు పండ్లు తెల్లగానున్నవి. ఒకే యింటిలో తండ్రి నవ్వునకును కొడుకు నవ్వునకును నడుమ నల్లగొండ జిల్లా చరిత్ర కొంత యిమిడియున్నది.

మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు వర్ణించి ప్రకటించినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు ప్రాంతమున. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి ఏ. హెచ్. సిద్దిఖీ వ్రాసిన వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. పండ్ల మచ్చలతో మొదలై, ఏండ్లు గడచిన కొలది కీళ్లు బిగిసి, వెన్ను వంగి, మనిషి తనంత తాను లేచి నిలువలేని స్థితి వచ్చును. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. ఇచ్చట విద్యార్థులు గుర్తుంచుకొనదగినది ఒకటి కలదు. నీటిని మరిగించిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయి నీరు తగ్గిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. మేలు చేయుచున్నామని గంటసేపు కాచిన తల్లి, తెలియకయే దానిని చిక్కపరచినదగును.

మంగళవారము నల్లా రాలేదు. ఎక్కడనో గొట్టము మరమ్మతు చేయుచున్నారని తెలిసినది. తండ్రి ఆటోలో ఒక నీళ్ల డబ్బా తెచ్చెను. నీటిని చూచి కూర నిర్ణయమైనది. పులుసు మాట మరచి, వంకాయలను నూనెలోనే మగ్గబెట్టిరి. గిన్నెలు కడుగుట మరునాటికి వాయిదా పడెను. ఒక్కపూట నీరు ఆగిననే ఇల్లంత తారుమారైనది. ఆ నీరు లేని నాళ్లు ఎట్టివో దీనినిబట్టి ఊహింపవచ్చును.

1970 దశకమున నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి, నీటిని కలియబెట్టి, తేర్చి, ఫ్లోరైడు తగ్గించు పద్ధతి నొకదానిని రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతియని పేరు. వ్యాధి వలన ప్రసిద్ధమైన జిల్లా పేరు విరుగుడునకును వచ్చినది. కాని బకెట్టెడు నీటిని దినదినము శుద్ధిచేసికొనుట పనిపాటలవారి యిండ్లలో తేలిక కాదు. నది నీరు రావలెనని ప్రజలు కోరిరి. 1996 లోక్‌సభ ఎన్నికలలో ఈ గోడు దేశమునకు వినిపించుటకై జలసాధన సమితి పూనికతో జనులు నామపత్రములు వేయగా, నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. బ్యాలెట్టు పత్రము పుస్తకమంత అయినది.

పిమ్మట నాగార్జునసాగరు జలాశయపు అంచున పుట్టంగండి యొద్ద కృష్ణ నీటిని యంత్రములతో ఎత్తి, అక్కంపల్లి మీదుగా ఉదయసముద్రమునకు చేర్చిరి. వానకై ఆకాశము చూచిన చోడుల నాటి చెరువు కృష్ణానీటికి నిలువయైనది. 2015 జూన్ 8న చౌటుప్పలులో మిషన్ భగీరథ పైలాను ఆవిష్కరణ జరిగినది. నల్లా నీరు పల్లెలకు వ్యాపించినది. మంగళవారము రాత్రి ఆ యింటివారు చెవియొగ్గి వేచియుండినది ఆ నల్లా చప్పుడు కొరకే.

బుధవారము నాయనమ్మ వంతు. జొన్నరొట్టె ఆమె చేతిదే. గోధుమపిండి వలె జొన్నపిండి సాగదు. అందువలన ఉడుకునీటితో కలిపి, అరచేత మర్దించి, తట్టుచు త్రిప్పుచు పెంచవలెను. కోడలు ప్రయత్నించిన అంచులు చిట్లును. రొట్టెతో పుంటికూర, దంచిన వెల్లుల్లి కారము. పిల్లలకు ఇది వేడుక. నాయనమ్మకు ఒకప్పటి నిత్యాన్నము. ఆమె చిన్ననాట వరి అన్నము పండుగనాటి మాట. తక్కిన దినములలో రొట్టెయో, గటకయో, అంబలియో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చిన తరువాత బీదల పళ్లెము తెల్లబడెను. 2025 ఉగాదినాడు హుజూర్‌నగరులో చౌకదుకాణముల సన్నబియ్యము పంపిణీ మొదలైనది. అన్నము గౌరవమునకు గుర్తుగా భావించినవారికి ఇది చిన్న మార్పు కాదు.

నేడు జొన్నను పొగడువారు పెక్కురు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. పొగడ్త తగినదే. కాని ఈ జిల్లా పాఠము వేరొకటి. మోకాళ్లు లోనికి వంగి ఒకదానికొకటి తగులు వికృతి ఇచ్చటి యువకులలో కానవచ్చుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు 1973లో ప్రకటించిరి. వరి అన్నము తినువారి కంటె జొన్న తినువారి దేహమున ఫ్లోరైడు ఎక్కువ నిలుచునని ఆ సంస్థ పరిశోధనలు తరువాత సూచించినవి. ఇందు జొన్నను నిందింప పనిలేదు. మంచినీటితో కలిపిన జొన్నపిండి బలమైన ఆహారమే. చెడునీటి ప్రాంతమున బీదవాని బలమే వాని బలహీనత అయ్యెను. ఆహారమును నీటినుండి వేరుచేసి మెచ్చుటయు, నిందించుటయు రెండును పొరపాటే.

గురువారము తల్లి ఆలస్యముగా వచ్చినది. బడిలో వంటపాత్రలు తోమి వచ్చుసరికి పొద్దుగూకినది. ఇట్టి దినమున తెలంగాణ గృహిణికి ఆపద్బంధువు పచ్చిపులుసు. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయ, ఉప్పు, కొత్తిమీర వేసి, పైన పోపు పెట్టిన చాలును. పొయ్యిమీద మరిగింప పనిలేదు. ప్రక్కన ముద్దపప్పు. కొడుకు గిన్నెతో ఎత్తి త్రాగి, "అమ్మా, ఇంక జెర వొయ్యి" అన్నాడు.

ఈ పులుసునకును శాస్త్రజ్ఞుల పుస్తకములో చోటు దొరికినది. బడిపిల్లలకు దినమునకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి పరిశీలింపగా మూత్రముతో వెలికిపోవు ఫ్లోరైడు పెరిగెనని పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిరి. చింతపండు ఈ వ్యాధికి మందని దీని భావము కాదు. వంగిన ఎముకను అది సరిచేయదు, మంచినీటికి బదులు కాజాలదు. అయినను, తీరిక లేని తల్లి చేతి పులుసులో పరిశోధనకు తగిన విషయముండుట గమనింపదగినది.

శుక్రవారము అనపకాయలు వచ్చినవి. పుష్యమాసపు సొగసు అదే. అనపగింజల కూర రుచి గాని, కాయలు ఒలుచుట ఒకరి వలన కాదు. చాప పరచి ఐదుగురును కూర్చుండిరి. కూతురు ఒలుచుచునే భౌతికశాస్త్ర సూత్రములు వల్లెవేసినది. తండ్రి ఆనాటి ప్రయాణికుల ముచ్చట్లు చెప్పెను. వారమంతటిలో వంటపనికి అందరి చేతులు కలిసినది ఈ ఒక్క సాయంకాలమే.

శనివారము తల్లికి ఒక్కపొద్దు. పగలు బడిపిల్లలకు వండిపెట్టి, ఇంటికి వచ్చుసరికి ఒళ్లు కాగుచున్నది. ఆమె పడుకొన్నంతనే వంటయింటి పని ఎవరును చెప్పకయే కూతురిమీద పడెను. మరునాడు పరీక్ష కలదని ఆమెకు తెలియును. ఇంటిలో అందరికిని తెలియును. పుస్తకము మూసి, ఉప్మారవ్వ వేయించుటకు లేచినది. తమ్ముడు ఆటలోనే యున్నాడు. తండ్రి మందు తెచ్చి, గుమ్మమున కూర్చుండెను. ఎవరును చెడ్డవారు కారు. అలవాటు అట్టిది.

2019లో భారత ప్రభుత్వపు గణాంకశాఖ జరిపిన కాలవినియోగ సర్వే ఈ అలవాటునకు లెక్క కట్టినది. ఇంటివారికై జీతము లేని గృహకృత్యములలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిముషములు, పురుషులు 97 నిముషములు వెచ్చించుచుండిరి. అసలు పాల్గొనువారే స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. ఐదు గంటలు కావచ్చిన ఈ శ్రమయును ఫ్లోరైడు వంటిదే. కంటికి కనబడదు, రుచికి తెలియదు. కొలిచినప్పుడే బయటపడును. ఆ యేడు పదవ తరగతి చదువు బాలికకు ఐదు గంటల విలువ ఎంతయో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆదివారము తండ్రి చేపలు తెచ్చెను. చేపల పులుసు తానే వండునని వీథిలో పేరు. వండుట నిజమే. రుచియు నిజమే. అయితే ఉల్లిపాయలు తరిగినది కూతురు. చింతపండు పిసికినది నాయనమ్మ. జ్వరము తగ్గీతగ్గని తల్లి నూనె చిందిన పొయ్యిగట్టు తుడిచినది. "నాయిన వండిండు" అని కొడుకు వీథివారికి చాటినాడు. ఆరు దినముల వంటను చాటినవారు లేరు.

నల్లగొండ నీటి దోషము కనుగొనుటకు వైద్యులు, తగ్గించుటకు ఇంజనీర్లు, గుర్తింపజేయుటకు నామపత్రములు వేసిన సామాన్యులు, నీరు తెచ్చుటకు కోట్ల రూపాయల పనులు కావలసివచ్చెను. ఇన్నియు జరుగుటకు నాలుగు తరముల బాలుర పండ్లు పాడయ్యెను. రెండవ ప్రశ్నకు అంత ప్రయాస అక్కరలేదు. ఉపాధ్యాయులు తలచిన ఒక వారపు గృహపాఠముగ ఈయవచ్చును. ప్రతి విద్యార్థియు, బాలుడైనను బాలికయైనను, కాగితముపై మూడు గడులు గీసి, ఏడు రాత్రులు నింపవలెను: ఏమి వండిరి, నీరు ఎచ్చటిది, ఎవరు వండిరి.

మొదటి గడిలో ఏడు పేర్లు పడును. రెండవ గడిని విజ్ఞానశాస్త్ర తరగతిలో పరీక్షింపవచ్చును. మూడవ గడిలో ఏడు దినములును ఒకే పేరు పడినచో, దానిని మార్చుటకు ఆనకట్ట గాని గొట్టపుమార్గము గాని అక్కరలేదు. ఎనిమిదవనాడు అనపకాయల చాపను మరల పరచిన చాలును.