పిచ్చుకల వెంట డేగ

రామకుప్పం: పెరట్లో నాలుగు నూకలు చల్లితే పిచ్చుకలు వస్తాయి. గోరువంకలు, పావురాలు వస్తాయి. వాటి వెంటే ఒకనాడు డేగ వస్తుంది. అంతవరకు కిచకిచలాడిన పెరడు ఒక్కసారిగా మూగబోతుంది. తల్లికోడి రెక్కలు విప్పి పిల్లల్ని పిలుస్తుంది. ఇంట్లోంచి ఎవరో ఒకరు కర్ర పట్టుకుని బయటికి పరుగెత్తుతారు.

పిట్టలకు మేత పెట్టడం మన పల్లెలకు కొత్త కాదు. వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీయడం తెలుగునాట పాత అలవాటే. మేత ఉన్నచోటికి పిట్ట, పిట్ట ఉన్నచోటికి డేగ రావడం సహజం.

గద్ద వేరు, డేగ వేరు

ఆకాశంలో గిరికీలు కొట్టేది గద్ద. పెరట్లోకి వచ్చే డేగ అంతకంటే చిన్నది, ఇంచుమించు పావురమంత. పక్షిశాస్త్ర గ్రంథాల్లో దీని పేరు షిక్రా. వీపు బూడిదరంగు. రొమ్మున ఎర్రమట్టి రంగులో సన్నని అడ్డచారలు. మగదాని కన్ను ఎరుపు, ఆడదాని కన్ను పసుపు. ఆకారంలో ఆడదే పెద్దది. ఆకుల మాటున కదలకుండా కూర్చుని, అదను చూసి దూసుకువస్తుంది. పిట్టలే కాదు, తొండలు, ఎలుకలు, మిడతలు కూడా దీని ఆహారమే. రైతుకు ఆ మేరకు మేలే.

ఫోటో తీయాలంటే

చేతిలో సెల్‌ఫోన్ ఉన్నా చాలు, ఓపిక ఉండాలి. పిట్టలన్నీ హఠాత్తుగా నిశ్శబ్దమైతే, ఉడుత ఆగకుండా అరుస్తుంటే చుట్టుపక్కల చెట్లకేసి చూడండి. బయటికి రాకుండా కిటికీ వెనుక నుంచే తీయండి. ఎండ మన వీపున పడాలి. గూటి దగ్గరికి పోరాదు. ఫోటో కోసం కోడిపిల్లను ఎరగా కట్టడం తగని పని.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్కింపు ప్రపంచమంతటా జరుగుతుంది. మన బడిపిల్లలూ అందులో పాల్గొనవచ్చు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదికకు ఇలాంటి సామాన్యుల లెక్కలే ఆధారం. సుమారు 30 వేల మంది రాసి పంపిన వివరాలవి. వేటాడే పక్షులు తగ్గుతున్నాయని ఆ నివేదిక హెచ్చరించింది.

కర్ర కాదు, గంప

రెండు కోడిపిల్లలు పోతే పేద ఇంటికి నష్టమే. అయితే ఉండేలు దెబ్బ దానికి మందు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగను చంపడం, పట్టడం నేరం. పిల్లలు ఎదిగేదాకా గంప కింద గానీ వల కింద గానీ ఉంచితే సరిపోతుంది. నూకలను ముళ్లపొదకు దగ్గరగా చల్లితే పిచ్చుకలకు దాగే చోటు దొరుకుతుంది.

విషం సంగతీ మరవరాదు. 1950, 60 దశకాల్లో బ్రిటన్‌లో పురుగుమందుల మూలంగా అక్కడి డేగలు అనేక ప్రాంతాల్లో కనుమరుగయ్యాయి. మందు చేరిన పిట్టలను తినడంతో కొన్ని చచ్చాయి. మిగిలినవి పెట్టిన గుడ్ల పెంకులు పలచబడి పగిలిపోయాయి. ఆ మందులను కట్టడి చేశాకే మళ్లీ పెరిగాయి. అందుచేత మందు తిని చచ్చిన ఎలుకను దిబ్బపై పారేయక పూడ్చిపెట్టాలి.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో బీడునేలల్లో చెట్లు పెంచాక పక్షులు చేరాయి. 1991లో అది పక్షుల రక్షిత ప్రాంతమైంది. చెట్టు, పురుగు, పిట్ట అన్నీ ఉన్నచోటనే డేగ నిలుస్తుంది. అది మన పెరటికి వచ్చిందంటే అక్కడ ఇంకా జీవం ఉన్నట్టే. ఈసారి వచ్చినప్పుడు గంప బోర్లించి, కాసేపు చూడండి.